మూతి బయటపెట్టి బిగుసుకుపోయిన కెమెరా: లోపల ఏం జరిగినట్టు?

కళింగపట్నం తీరంలో వనభోజనాలు అయిపోయాయి. బ్యాగులోంచి తీసిన చిన్న కెమెరా బటన్ నొక్కితే లెన్సు సగం దాకా బయటికొచ్చి, కరకరమని చప్పుడు చేసి అక్కడే ఆగిపోయింది. తెర మీద ‘లెన్స్ ఎర్రర్’ అని రెండు ముక్కలు. మరుక్షణం తెర కూడా నల్లబడింది.

స్టూడియో కౌంటరు దగ్గర మొదట వినపడే ప్రశ్న “ఏటయిందండీ, కింద పడిందా?” అని. తర్వాత తలా ఒక మాట. లెన్సు పోయింది, ఏడెనిమిది వేలవుతుందని ఒకరు. మెత్తటి గుడ్డ మీద తట్టి చూడండి, అదే వస్తుందని ఇంకొకరు. ఫోనుండగా ఇదెందుకు, పడేయండని మూడోవారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే ఒకే కెమెరా విషయంలో ముగ్గురూ నిజం కాలేరు. ఏది ఎక్కడ వర్తిస్తుందో తెలియాలంటే ఆ రెండు ముక్కలు రాసే ముందు కెమెరా లోపల ఏం జరిగిందో తెలియాలి.

ఈ గొడవ ఇప్పుడు మళ్ళీ ఎక్కువైంది. పదేళ్ళ కిందట బీరువాలో పెట్టేసిన కాంపాక్ట్ కెమెరాలను కాలేజీ పిల్లలు ముచ్చటపడి బయటికి తీస్తున్నారు. ఆ బొమ్మల్లో ఒక పాతదనం ఉందంటున్నారు. బొమ్మకు పాతదనం అందమే, యంత్రానికి మాత్రం కాదు.

ట్రావెల్ కెమెరాకే ఈ జబ్బు ఎందుకు

ట్రావెల్ జూమ్ అంటే చొక్కా జేబులో కాకపోయినా ప్యాంటు జేబులో పట్టేంత కెమెరా, అందులో 20 రెట్లో 30 రెట్లో జూమ్. 30 రెట్లంటే వ్యవహారంలో ఫోకల్ లెంగ్త్ (దూరపుదాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే కొలత, పాత 35 మి.మీ. ఫిల్ము కెమెరా లెక్కలో) 24 నుంచి 720 మి.మీ. దాకా. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్టు చిటారున కూర్చున్న గూడబాతు ముక్కును, విజయనగరం పైడితల్లి పండగలో సిరిమాను చివర కూర్చున్న పూజారి ముఖాన్ని జనం వెనకనుంచే పట్టగలిగేది ఈ జూమే. మామూలు దూరంలో తీసే బొమ్మకైతే ఇవాళ్టి మంచి ఫోనే మెరుగు. ఈ కెమెరాల్లో చాలావాటి సెన్సారు, అంటే వెలుగును బొమ్మగా మార్చే పలక, సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు, అంటే చిన్నవేలి గోరంత కూడా లేదు. అందుకే అంత చిన్న పెట్టెలో అంత జూమ్ కుదిరింది.

కుదరడానికి చెల్లించిన ధర లెన్సు గొట్టంలో కనిపిస్తుంది. ఆపి ఉన్నప్పుడు లెన్సు మొత్తం ముడుచుకుని పెట్టెలోకి వెళ్ళిపోవాలి. అందుకని ఒక గొట్టంలో ఇంకొకటి, దానిలో మరొకటి దూరేలా చేస్తారు. పెద్ద గొట్టం లోపలి గోడకు వంకర గాళ్ళు ఉంటాయి. చిన్న గొట్టానికి ఉన్న బుడిపెలు ఆ గాళ్ళలో జారతాయి. గొట్టం తిరిగితే బుడిపె గాడి వెంట నడిచి లెన్సును ముందుకు తోస్తుంది. తిప్పేది పెసరగింజ కన్నా కాస్త పెద్దదైన మోటారు, దాని బలాన్ని పెంచేది వరసగా ఉన్న ప్లాస్టిక్ పళ్ళచక్రాలు.

పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు పాడైతే లెన్సు ఊడదీసి ఇంకొకటి పెడతారు. ఇక్కడ అలా కుదరదు. చాలా మోడళ్ళలో లెన్సు, షట్టరు, సెన్సారు కలిసి ఒకే ముద్ద. అందులో ఒక్క పన్ను విరిగినా దుకాణదారు మార్చేది మొత్తం ముద్దనే. ‘ఏడెనిమిది వేలు’ అనే మాట అక్కడ పుట్టింది.

‘లెన్స్ ఎర్రర్’ అంటే లెక్క కుదరలేదని అర్థం

కెమెరాకు తన లెన్సు కనపడదు. అది ఎంత దూరం కదిలిందో తెలుసుకోడానికి పళ్ళచక్రాల వరసలో ఒక చిల్లుల చక్రం, దానికి అటూ ఇటూ ఒక కాంతి దీపం, ఒక కాంతి గ్రాహకం ఉంటాయి. చక్రం తిరిగే కొద్దీ వెలుగు పడుతూ ఆగుతూ ఉంటుంది. ఆ మిణుకుల్ని ప్రాసెసరు లెక్కపెడుతుంది. పూర్తిగా తెరుచుకోవడానికి ఇన్ని మిణుకులు, ఇంత సమయంలో రావాలని ముందే రాసి ఉంటుంది.

లెక్క కోసం 400 మిణుకులు రావాలనుకుందాం. 180 దగ్గర ఆగిపోయాయి. ప్రాసెసరు ఇంకాసేపు చూస్తుంది, మోటారును వెనక్కి తిప్పి మళ్ళీ ప్రయత్నిస్తుంది, అయినా రాకపోతే మోటారు కాలిపోకుండా కరెంటు కట్ చేస్తుంది. ఎర్రర్ రాసి ఆరిపోతుంది. కరకరమన్నది ఆ రెండో ప్రయత్నమే.

అంటే ఆ రెండు ముక్కలు జబ్బు పేరు చెప్పవు, ‘లెక్క తప్పింది’ అని మాత్రమే చెబుతాయి. లెక్క తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. గాట్లో ఇసుక అడ్డుపడవచ్చు, పడ్డ దెబ్బకు బుడిపె గాడిలోంచి బయటికి దూకవచ్చు, చక్రం పన్ను విరగవచ్చు. మోటారుకు వెళ్ళే పల్చటి రిబ్బను తీగ చిట్లవచ్చు. మిణుకులు లెక్కపెట్టే గ్రాహకం ముందు దుమ్ము చేరవచ్చు. ఇవేవీ కాకుండా బ్యాటరీ నీరసించి మోటారు తిరగలేకపోవచ్చు. మొదటిదానికీ చివరిదానికీ ఖర్చులో తేడా వేలల్లో ఉంటుంది, తెర మీద రాత మాత్రం ఒకటే.

దారి తేల్చడానికి చెవి బాగా పనికొస్తుంది. కరకర అంటే రేణువు నలుగుతోంది. టకటకమని ఒకే లయలో కొడుతుంటే మోటారు తిరుగుతోంది గాని చక్రం పన్ను పట్టు జారుతోంది. సన్నగా జుయ్‌మని మోటారు తిరిగి లెన్సు అసలు కదలకపోతే వరసలో ఎక్కడో చక్రం విరిగింది. ఒక్క టిక్కుతో ఆగిపోతే బ్యాటరీనో రిబ్బనో అనుమానించాలి. కంటికి దొరికే గుర్తు ఇంకొకటుంది. గొట్టం అన్నివైపులా సమానంగా బయటికి రాక ఒక పక్కకు వాలి ఉంటే అది దెబ్బ తగిలిన కెమెరా, యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

మన తీరపు ఇసుక ప్రత్యేకం

కళింగపట్నం, భావనపాడు, శ్రీకూర్మం వైపు తీరంలో నడిచినవారికి ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలు గుర్తుండే ఉంటాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మెనైటు అనే ఖనిజం, ఆ ఎరుపు గార్నెట్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ కొలమానంలో (అంకె పెద్దదైతే గట్టిదనం ఎక్కువ) గార్నెట్ 6.5 నుంచి 7.5. మామూలు తెల్ల ఇసుక అయిన క్వార్ట్జ్ 7. గాజు 5.5 అటూ ఇటూ. ప్లాస్టిక్ సంగతి చెప్పనక్కర్లేదు. గార్నెట్‌ను గరుకు కాగితాల మీద అరగదీయడానికి వాడతారంటే అది గొట్టంలో ఏం చేస్తుందో ఊహించవచ్చు.

సన్న తీరపు రేణువు మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. గొట్టానికీ గొట్టానికీ మధ్య సందు కూడా ఆ కొలతకు దగ్గరే. సందు కన్నా చిన్న రేణువు లోపలికి పోయి రాలిపోవచ్చు, పెద్దది బయటే ఆగుతుంది. సరిగ్గా సందంతది మాత్రం ఇరుక్కుంటుంది. గొట్టం వాలిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా బిగుస్తుంది.

నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే రేణువులూ ఉంటాయి. స్పీకరు లోపల అయస్కాంతం ఉంది, చెయ్యి వణికినా బొమ్మ వణక్కుండా చేసే యంత్రాంగంలోనూ ఉంటుంది. అక్కడికి చేరినవి ఊదినా రావు.

రేణువు లోపలికి వెళ్ళడానికి గాలి కూడా తోడవుతుంది. ముడుచుకున్న గొట్టం బయటికి సాగితే లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి సందుల గుండా బయటి గాలి దూరుతుంది. సైకిలు పంపు పిడి లాగినట్టే. తీరంలో జూమ్ లోపలికీ బయటికీ ఆడించిన ప్రతిసారీ కెమెరా ఒక ఊపిరి ఇసుకగాలి పీల్చుకుంటుంది. ఒకే జూమ్ దగ్గర ఉంచి తీసేవాళ్ళ కెమెరాలు ఎక్కువ కాలం బతకడానికి ఇదో కారణం.

బ్యాటరీ నీరసం లెన్సు జబ్బులా కనిపిస్తే

కౌంటరు దగ్గర ఎక్కువగా తప్పిపోయేది ఈ కేసు. కెమెరా ఆన్ అయ్యే క్షణం దానికి అత్యంత బరువైన క్షణం. తెర వెలగాలి, మోటారు కదలిక మొదలవ్వాలి, ఫ్లాష్ ఛార్జవ్వాలి. ఒకేసారి ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఒక లెక్క చూద్దాం. కొత్త బ్యాటరీ అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డు, 0.15 ఓం, అయిదేళ్ళ పాతదానికి 0.6 ఓం అనుకుందాం. ఊరికే ఉన్నప్పుడు మల్టీమీటరు పెడితే రెండూ 3.8 వోల్టులే చూపిస్తాయి. కెమెరా లేచేటప్పుడు 1.2 ఆంపియర్లు లాగితే కొత్తదానిలో పడిపోయేది 0.18 వోల్టు, కెమెరాకు 3.62 అందుతుంది. పాతదానిలో 0.72 పడిపోయి 3.08 మాత్రమే మిగులుతుంది. ఈ కెమెరా 3.3 కన్నా తగ్గితే పనిచేయదనుకుంటే పాత బ్యాటరీతో లెన్సు మధ్యలో ఆగిపోతుంది. మోటారు తప్పు లేదు, గొట్టంలో ఇసుక లేదు, మీటరు కూడా బ్యాటరీ బాగుందనే చెబుతోంది.

అందుకే లెన్సు ముద్ద ధర గురించి మాట్లాడే ముందు, అదే మోడల్ ఉన్న ఇంకొకరి బ్యాటరీ నిండుగా ఛార్జి చేసి పెట్టి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. బీరువాలోంచి తీసిన కెమెరాల్లో ఇది మరీ ముఖ్యం. పూర్తిగా డిశ్చార్జయి ఏళ్ళ తరబడి పడున్న లిథియం బ్యాటరీ ఛార్జరు మీద పచ్చ దీపం చూపించినా లోపల సత్తువ ఉండదు. బ్యాటరీ పొట్ట ఉబ్బి గూట్లోంచి గట్టిగా లాగితే గాని రాకపోతే దాన్ని మళ్ళీ ఛార్జి చేయరు, గుచ్చి గాలి తీయరు.

డూప్లికేటు బ్యాటరీల విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అసలుది దొరకనప్పుడు వేరే కంపెనీ చేసిన బ్యాటరీ తప్పదన్నది నిజమే, కొన్ని బాగానే పనిచేస్తాయి. తేల్చుకోడానికి డబ్బా మీద అంకె సాయపడుతుంది. సోనీ ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీ మీద కంపెనీ రాసుకున్నది 1,240 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత). అదే కొలతల బ్యాటరీ మీద 2,000 అని అచ్చేసి ఉంటే అది బ్యాటరీ గురించి కాదు, అచ్చేసినవాళ్ళ గురించి చెబుతుంది. బ్యాటరీల భద్రతకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 16046 రిజిస్ట్రేషన్ ముద్ర ఉందా అన్నది మరో గుర్తు.

అసలు చలనమే లేని కెమెరాలో ఇంకో చిన్న మాయ ఉంటుంది. బ్యాటరీ మూతకు లోపలివైపు ఒక ప్లాస్టిక్ నాలుక, మూత పడగానే అది ఒక బుల్లి స్విచ్‌ని నొక్కుతుంది. ఆ నాలుక విరిగితే మూత తెరిచే ఉందని కెమెరా అనుకుని లేవనే లేవదు. కెమెరా చచ్చిపోయిందని అమ్మేసినవాటిలో ఇలాంటివీ ఉంటాయి. మరమ్మతుకు కావలసింది అగ్గిపుల్లంత ముక్క.

తట్టడం, ఊదడం, లాగడం: ఎవరి వాదన ఎంత

తట్టేవాళ్ళది ఉత్త మూఢనమ్మకం కాదు. ఇరుక్కున్నది ఒక్క రేణువైతే, లెన్సు నేలవైపు ఉండేలా పట్టుకుని అరచేతిలో మెల్లగా తడితే రేణువు జారే అవకాశం ఉంది. గాడి అంచున ఆగిన బుడిపె కూడా ఒక్కోసారి తిరిగి గాట్లో పడుతుంది. అయితే అదే తట్టు విరగబోయే పన్నును విరిచేస్తుంది, కాంతిని సరిచేసే లోపలి గాజు గుంపును పక్కకు జరుపుతుంది. అప్పుడు లెన్సు తెరుచుకుంటుంది గాని బొమ్మలో ఒక పక్క ఎప్పటికీ మసగ్గానే ఉంటుంది. మరమ్మతు ధర కెమెరా విలువను ఎలాగూ దాటేసినప్పుడు తట్టడంలో పోయేదేమీ లేదు. వారంటీ ఉన్నప్పుడు పోయేది చాలా ఉంది.

పల్చటి కాగితం ముక్కను గొట్టాల సందులో పెట్టి చుట్టూ తిప్పడం ఇంకో పద్ధతి. సందులో పైపైన ఉన్న రేణువులకు ఇది బాగా పనిచేస్తుంది. కాగితం పొడిగా, అంచు చిరగనిదై ఉండాలి, లేకపోతే పీచు లోపల ఉండిపోతుంది. రబ్బరు బ్లోయరుతో పక్కనుంచి ఊదితే రేణువు బయటికి రావచ్చు. డబ్బాలో వచ్చే ఒత్తిడి గాలి, సైకిలు షాపులోని కంప్రెసరు మాత్రం రేణువును ఇంకా లోపలికి, నేరుగా సెన్సారు వైపు తోలుతాయి. కంప్రెసరు గాలిలో నూనె తుంపర కూడా ఉంటుంది.

వేళ్ళతో లాగడం గురించి మరమ్మతుదారుల్లో పెద్దగా భేదాభిప్రాయం లేదు. మోటారు పళ్ళచక్రాల వరస బలాన్ని ఒక దిశలో పెంచడానికే. లెన్సు వైపునుంచి చెయ్యి బలం వాడితే అది తిరగబడి చివరి చిన్న చక్రం మీద పడుతుంది, ముందు విరిగేది అదే. కెమెరా ఆన్ అవుతున్న క్షణంలో గొట్టాన్ని సున్నితంగా కదిపితే మోటారుకు సాయం అవుతుందని కొందరంటారు. అదే దిశలో, మోటారు వేగంతో చేయగలిగితే నిజమే, అంత కొలతగా చేయడమే కష్టం. సందులో నూనె చుక్క వేయడం ఒక్కటే ఎవరూ సమర్థించని పద్ధతి. నూనె ఇసుకను పట్టి ముద్ద చేస్తుంది, ఎండలో పల్చబడి షట్టరు రేకుల మీదికి పాకుతుంది.

ఉప్పునీళ్ళు, ముసురు, ఏసీ బోగీ

మంచినీళ్ళలో పడ్డ కెమెరాకు బతికే అవకాశం ఉప్పునీళ్ళలో పడ్డదానికి ఉండదు. ఉప్పునీరు కరెంటును బాగా పోనిస్తుంది. లోపల బ్యాటరీ ఉంటే బోర్డు మీద రాగి గీతలు నిమిషాల్లోనే కరగడం మొదలవుతుంది. బ్యాటరీ పాయింట్ల దగ్గర ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఆ పని జరిగిపోయిందని గుర్తు. అందుకే అందరూ ఒప్పుకునే మొదటి సంగతి, బ్యాటరీ వెంటనే బయటికి రావాలి, ఆన్ అవుతుందేమో అని చూడకూడదు.

రెండో సంగతి దగ్గర వాదన ఉంది. ఆరబెట్టాలని ఒక పక్షం, ముందు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలని ఇంకో పక్షం. కడగాలనేవారి వాదన ఇది: నీరు ఆరినా ఉప్పు పోదు, ఆ ఉప్పు ముసురు పట్టిన ప్రతిరోజూ గాలిలోంచి చెమ్మ లాక్కుని మళ్ళీ తుప్పు మొదలుపెడుతుంది. బోర్డు వరకు ఇది సరైనదే. కానీ కాంపాక్ట్ కెమెరాలో కడిగిన నీరు లెన్సు గొట్టంలోకీ వెళ్ళి గాజుల మధ్య మరకలు పెడుతుంది. విప్పి బోర్డు ఒక్కటే కడిగితే రెండు వాదనలూ కలుస్తాయి, అది మరమ్మతుదారు చేతిలో పని. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల వచ్చే లాభం గాలి ఆడేచోట పెట్టడం కన్నా ఎక్కువేం కాదు, పైగా బియ్యప్పొడి సందుల్లో చేరుతుంది.

సముద్రంలో పడకుండానే చెమ్మ పట్టే దారి ఇంకొకటుంది. ఏసీ బోగీలో వచ్చి ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగినవారి లెన్సు మీద పొగ కమ్ముకోవడం చూసే ఉంటారు. బోగీలో కెమెరా ఒళ్ళు 22 డిగ్రీలు. ప్లాట్‌ఫారం మీద గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. ఆ గాలి చల్లబడుతూ 27 డిగ్రీలకు వచ్చేసరికి మంచు వదులుతుంది. కెమెరా దానికన్నా అయిదు డిగ్రీలు చల్లగా ఉంది కనుక చల్ల మజ్జిగ గ్లాసు పైన పట్టినట్టే దాని మీదా లోపలా నీరు పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ఆగితే కెమెరా ఒళ్ళు వేడెక్కి ఆ నీరు పట్టదు. పొగ పట్టాక జూమ్ ఆడించడం వల్ల ఆ తేమ గొట్టంలో అంతటా పాకుతుంది.

మెల్లగా చంపేది బూజు. తేమ 60 శాతం దాటి రోజుల తరబడి చీకట్లో ఉంటే గాజు మీద సాలెగూడు పోగుల్లాంటి బూజు మొలుస్తుంది. మన తీరంలో వానాకాలం గాలి చాలా రోజులు దానికన్నా ఎక్కువ తేమతోనే ఉంటుంది. తోలు సంచి ఇంకా ఇబ్బంది, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు, ఇంతే సరంజామా. ముల్లు 40, 50 మధ్య ఉంటే చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే అవి ఇక నీరు తాగలేవని అర్థం.

బొమ్మలో కనిపించే జబ్బులు

ఆకాశం తీసిన ప్రతి బొమ్మలో ఒకే చోట బూడిద రంగు మచ్చ ఉంటే అది ముందు గాజు మీది దుమ్ము కాదు. ముందు గాజు దుమ్ము అంత స్పష్టంగా పడదు. తెల్లగోడను జూమ్ లేకుండా ఒకసారి, పూర్తి జూమ్‌లో ఒకసారి తీసి పోల్చితే తేలుతుంది. జూమ్‌లో ఎపర్చరు, అంటే వెలుగు లోపలికి వచ్చే కంత, చిన్నదవుతుంది కనుక సెన్సారు మీది దుమ్ము నీడ గట్టిపడుతుంది. మచ్చ అదే చోట నల్లగా తేలితే దుమ్ము సెన్సారు మీదే. పై గాజు ఎన్నిసార్లు తుడిచినా పోదు.

బొమ్మ పూర్తిగా నల్లగా వచ్చి పాత ఫోటోలు మాత్రం తెర మీద బాగా కనిపిస్తే తెర బాగుంది, షట్టరు మూసుకుని బిగిసిందనో సెన్సారు పనిచేయట్లేదనో అర్థం. బొమ్మ మొత్తం వంకాయ రంగు తిరిగి గీతలు పడితే సెన్సారు. దీనికో చరిత్ర ఉంది. సోనీ తయారుచేసిన సీసీడీ (అప్పటి రకం) సెన్సార్లలో కొన్నింటికి వేడి, తేమ ఎక్కువున్న చోట లోపలి సన్న తీగల అతుకులు ఊడుతున్నాయని 2005లో బయటపడింది. ఆ సెన్సారు వాడిన కెనన్, నికాన్ లాంటి వేరే కంపెనీలు కూడా అప్పట్లో ఉచితంగా మార్చి ఇచ్చాయి. 2003, 2004 నాటి కెమెరా ఇప్పుడు ముచ్చటపడి కొంటున్నవారికి ఈ సంగతి పనికొస్తుంది. ఆ ఉచితం ఇప్పుడు లేదు, జబ్బు మాత్రం అలాగే ఉండవచ్చు.

కార్డు విషయం చప్పున చెప్పుకోవచ్చు. కార్డు పక్కనున్న లాక్ మీట కిందికి జారితే కెమెరా రాయనంటుంది. 2 జీబీ దాకా పాత ఎస్‌డీ, 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన ఎస్‌డీఎక్స్‌సీ. పాత కెమెరాకు 64 జీబీ కార్డు పెడితే అది చదవలేదు, చెడిపోయింది కార్డూ కాదు కెమెరా కూడా కాదు. చెరిగిపోయిన ఫోటోలు కావాలంటే ఆ కార్డు మీద ఇంకొక్క బొమ్మ కూడా పడకూడదు. చెరపడమంటే ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టడమే గనుక ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు వాటిని తరచు వెనక్కి తేగలుగుతుంది. తారీఖు ప్రతిసారీ అడుగుతుంటే లోపలి గడియారపు బుల్లి సెల్లు అరిగింది, బొమ్మలకు దానితో పనిలేదు.

బాగుచేయించడమా, వదిలేయడమా

ఒక ఊహాజనిత లెక్క తీసుకుందాం. కొన్నప్పుడు 24,000 పెట్టిన కెమెరా, బాగుంటే ఇప్పుడు సెకండ్ హ్యాండులో 9,000 పలుకుతుంది. లెన్సు ముద్ద 6,500, మజూరీ 1,500, విశాఖకో ఆపైకో రానూపోనూ కొరియరు 400. మొత్తం 8,400. అమ్ముకునే దృష్టితో చూస్తే మిగిలేది 600, అది కూడా మరమ్మతు నిలబడితేనే.

వాడుకునే దృష్టితో చూస్తే లెక్క వేరు. 30 రెట్ల జూమ్ ఉన్న కొత్త చిన్న కెమెరాల ఎంపిక ఇప్పుడు బాగా తగ్గిపోయింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్కల్లో 2010లో ఫ్యాక్టరీల నుంచి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బయటికొచ్చాయి, అందులో అత్యధికం ఈ చిన్నవే. 2023లో అన్నీ కలిపినా 80 లక్షలు లేవు. కాసియో కంపెనీ 2018లో కాంపాక్టుల నుంచి తప్పుకుంది. ఫోను తినేసిన మార్కెట్టులో కొత్త మోడళ్ళే రాకపోతే పాతవాటికి విడిభాగాలు ఎవరు చేస్తారు? కనుక పక్షుల కోసం జూమ్ కావలసినవారు 8,400ను కొత్త కెమెరా ధరతో పోల్చాలి గాని పాతదాని అమ్మకం ధరతో కాదు. ఇంటి ఫంక్షన్ల బొమ్మలకైతే ఏ పోలికా అక్కర్లేదు, ఫోను చాలు.

ఊళ్ళో మరమ్మతుదారుకూ కంపెనీ సర్వీసుకూ మధ్య తేడా ధరలో కన్నా పద్ధతిలో ఉంది. కంపెనీ సర్వీసు సాధారణంగా ముద్ద మొత్తం మారుస్తుంది, రసీదు ఇస్తుంది, మోడల్ పాతదైతే విడిభాగం లేదని తిప్పి పంపుతుంది. ఊళ్ళోవారు గొట్టం విప్పి ఇసుక దులిపి, పోయిన చక్రాన్ని వేరే చచ్చిన కెమెరాలోంచి తీసి వేస్తారు, ఖర్చు సగం కూడా కాకపోవచ్చు. కానీ విప్పి బిగించిన లెన్సులో గాజుల వరస వెంట్రుకవాసి తప్పినా ఒక మూల మసకబారుతుంది. తిరిగి తీసుకునేటప్పుడు అచ్చు కాగితాన్నో ఇటుక గోడనో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూస్తే అక్కడికక్కడే తెలుస్తుంది.

వారంటీలో ఉన్న కెమెరా అయితే గొడవంతా ఒక్క మాట దగ్గర తిరుగుతుంది: ఇది తయారీ లోపమా, వాడకంలో జరిగిందా? ఇసుక, నీరు, కిందపడటం వారంటీలోకి రావు. లోపల ఇసుక కనిపించిందని సర్వీసువారు అంటే, ఆ రేణువు ఫోటో, రాతపూర్వకమైన కారణం అడిగి ఉంచుకున్నవారి వాదనకు బలం ఉంటుంది. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే కాదు, తాము ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్లోనూ ఫిర్యాదు చేయవచ్చు. అంటే ఆన్‌లైన్లో కొన్న కెమెరాకు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేయవచ్చు. గడువు రెండేళ్ళు. సరుకు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. లోపం ఉందో లేదో తేల్చడానికి వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది.

విప్పాలనుకునేవారికి ఒక్క ప్రమాదం

ఇంట్లో స్క్రూలు తీసి చూసే ఉత్సాహం చాలామందికి ఉంటుంది, యూట్యూబు పుణ్యం. పైకి ఆటబొమ్మలా కనిపించే ఈ పెట్టెలో ఫ్లాష్ కోసం ఒక కెపాసిటరు ఉంటుంది, సుమారు 300 వోల్టుల దాకా ఛార్జవుతుంది. బ్యాటరీ తీసేసినా ఆ ఛార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది. చాలా మోడళ్ళలో అది సరిగ్గా వేలు పెట్టేచోటే, గ్రిప్పు దగ్గరో ఫ్లాష్ కిందో ఉంటుంది. మరమ్మతుదారులు ముందు ఒక రెసిస్టరుతో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని, అప్పుడు గాని చెయ్యి పెట్టరు. స్క్రూడ్రైవరుతో రెండు కాళ్ళూ కలిపితే నిప్పురవ్వ లేచి బోర్డు కూడా పోతుంది.

ఇక బాగుపడదని తేలిన కెమెరాకు కూడా గిరాకీ ఉంటుంది. లెన్సు ఎర్రర్ వచ్చినదానిలో తెర, బోర్డు, బ్యాటరీ మూత, బటన్లు బాగుంటాయి. తెర పగిలినదానిలో లెన్సు ముద్ద బాగుంటుంది. అందుకే స్టూడియోవాళ్ళు మోడల్ నంబరు అడిగి, సొరుగులోంచి అదే మోడల్ చచ్చిన కెమెరా ఒకటి తీసి పక్కన పెట్టుకుంటారు. అక్కడ దొరికితే 6,500 లెన్సు ముద్ద వెయ్యికో రెండు వేలకో వస్తుంది, మన పాత కెమెరా ఆ సొరుగులోకి వెళ్ళి ఇంకొకరి తెరకు ఎదురుచూస్తుంది.